రేషన్ డీలర్‌షిప్ రద్దుకు షోకాజ్ వచ్చింది, నేరుగా హైకోర్టుకు వెళ్లొచ్చా? – సమాధానం

మీరు అడిగింది ఇది: నాన్నగారు ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ డీలరు. సీఎస్‌డీటీ (పౌరసరఫరాల డిప్యూటీ తహశీల్దారు) తనిఖీకి వచ్చి బియ్యం 3 క్వింటాళ్ల 10 కిలోలు తక్కువగా ఉన్నాయని పంచనామా రాశారు. డీలర్‌షిప్ ఎందుకు రద్దు చేయకూడదో ఏడు రోజుల్లో చెప్పమని ఆర్డీఓ షోకాజ్ నోటీసు ఇచ్చారు. ఊళ్లో వాళ్లేమో ప్రభుత్వం మారింది కాబట్టి డీలరూ మారతాడు, జవాబు రాసినా దండగే అంటున్నారు. హైకోర్టుకు వెళ్లొచ్చా, ట్రైబ్యునల్ ఏదైనా ఉందా, ఎమ్మెల్యేగారితో ఫోన్ చేయించాలా అని మూడు ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. షోకాజ్ దశలో రిట్ (అధికారి చర్య చెల్లదంటూ నేరుగా హైకోర్టులో వేసే పిటిషను) వేస్తే చాలావరకు నిలవదు. డీలర్లకు ట్రైబ్యునల్ లేదు. ఫోన్ చేయించడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ, కారణం కింద చెప్తాను. మీరు ఇప్పుడు చేయాల్సిన పని ఆ ఏడు రోజుల్లో గట్టి జవాబు ఇవ్వడం. రేపు అప్పీలులో జాయింట్ కలెక్టరు చూసేదీ, ఆ తర్వాత హైకోర్టు చూసేదీ ఆర్డీఓ ఆఫీసులోని ఆ ఫైలునే. అందులో మీ కాగితం లేకపోతే పైన ఎవరూ మీ కోసం కొత్తగా సాక్ష్యం తీసుకోరు. చాలామంది డీలర్లు ఓడిపోయేది ఇక్కడే. "చూసుకోకుండా జరిగింది, క్షమించండి" అని తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసిస్తారు. అది నేరం ఒప్పుకున్నట్టే ఫైల్లో కూర్చుంటుంది. తర్వాత ఎంత పెద్ద లాయరును పెట్టుకున్నా ఆ నాలుగు వాక్యాల దగ్గరే ఆగాల్సి వస్తుంది. దయచేసి అలా రాయకండి.

నోటీసు చదవడం దగ్గర మొదలుపెట్టండి. ఏ తేదీన, ఎవరి చేతికి, ఎలా అందిందో నోటీసు నకలు మీద రాసుకోండి. పోస్టులో వస్తే కవరు పారేయకండి. గడువు లెక్క అందిన రోజు నుంచి, సంతకం చేసిన తేదీ నుంచి కాదు. తర్వాత నాలుగు విషయాలు వెతకండి. ఒకటి, సంతకం ఎవరిది? రద్దు చేసే అధికారం ఉన్నది మిమ్మల్ని నియమించిన ఆర్డీఓకో సబ్ కలెక్టరుకో. తహశీల్దారు సంతకంతో రద్దు నోటీసు వస్తే అది అధికారం లేని నోటీసు. రెండు, ఏ ఉత్తర్వులోని ఏ క్లాజు ఉల్లంఘించారని రాశారు? 2018 నాటి రాష్ట్ర ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వు పేరు, క్లాజు నెంబరు ఉండాలి. మూడు, ఏం చేయబోతున్నారని రాశారు? సస్పెన్షనా, డిపాజిట్ జప్తా, రద్దా? నాలుగు, పైభాగాన "సూచిక" కింద ఏయే లేఖలు ఉదహరించారు? ఆ సూచికను ఎవరూ పట్టించుకోరు గానీ అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది. తనిఖీ రొటీనుగా జరిగిందా, ఫిర్యాదు మీద జరిగిందా, పైనుంచి వచ్చిన లేఖ మీద జరిగిందా అన్నది ఆ రెండు మూడు వరుసల్లోనే బయటపడుతుంది.

మూడో అంశం ఎందుకు ముఖ్యమంటే, నోటీసులో చెప్పని శిక్ష ఉత్తర్వులో వేయకూడదు. కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెట్టాలంటే ఆ మాట షోకాజ్‌లోనే ఉండాలని గూర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. సూత్రం డీలర్లకూ అదే. ఇంకో లోపం, నోటీసులోనే "మీరు బియ్యం నల్లబజారుకు తరలించారని రుజువైంది" అని తీర్పు రాసేయడం. అప్పుడది వివరణ కోరే నోటీసు కాదు, ముందే తేల్చేసిన నిర్ణయం. 2010లో ఓరిక్స్ ఫిషరీస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నోటీసును, దాని మీద వచ్చిన ఉత్తర్వును కొట్టేసింది. మీ నోటీసులో అలాంటి మాటలుంటే జవాబులో మొదటి పేరాలోనే ఎత్తిచూపండి. కానీ దాని మీదే ఆధారపడి మిగతా జవాబు మానేయకండి.

నోటీసు అందిన రోజో మర్నాడో ఒక చిన్న అర్జీ ఇవ్వండి: పంచనామా నకలు, తనిఖీ నివేదిక, కార్డుదారుల వాంగ్మూలాలు, ఆ నెల కేటాయింపు, విడుదల ఉత్తర్వులు, ఎంఎల్‌ఎస్ పాయింటు (మండల స్థాయి గోదాము) నుంచి వచ్చిన ట్రక్ షీట్లు ఇప్పించండి, అవి అందిన తర్వాత జవాబుకు ఏడు రోజులు ఇవ్వండి అని. ఇది సమాచార హక్కు దరఖాస్తు కాదు. ఆ దారిలో జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, మీకు అంత సమయం లేదు. తన మీద మోపిన ఆరోపణకు ఆధారమైన కాగితాలు అడగడం నోటీసు అందుకున్న వాడి హక్కు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఆర్డీఓ కార్యాలయం తపాలా సెక్షన్లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నెంబరు వేయించుకోండి. తీసుకోం అంటే ఆ రోజే అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టు చేసి, ఆఫీసు మెయిలుకూ పంపండి. గుమస్తా చేతిలో పెట్టి "సార్‌కి చెప్తానన్నారు" అని ఇంటికొస్తే రేపు ఆ అర్జీ ఇచ్చినట్టే ఉండదు. పొడిగింపు అడిగినా మంజూరైందని అనుకోవద్దు. ఏడో రోజుకు మీ దగ్గరున్న సమాచారంతోనే జవాబు వేసి, చివర "అడిగిన నకళ్లు అందాక అదనపు వివరణ ఇచ్చే హక్కు ఉంచుకుంటున్నాను" అని ఒక వాక్యం రాయండి.

ఇక బియ్యం లెక్క. ఆర్డీఓ ముందు గెలిపించేది చట్టం కంటే ఈ లెక్కే, కాబట్టి ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి.

ఈ-పోస్ (దుకాణంలో వేలిముద్ర వేయించుకుని సరుకు ఇచ్చే యంత్రం) వెబ్‌సైటులో దుకాణం వారీ స్టాక్ రిజిస్టరు తీసి ఆ నెల ప్రారంభ నిల్వ, వచ్చిన సరుకు, అమ్మిన సరుకు, మిగలాల్సిన నిల్వ ఒక పట్టికలో రాయండి. పక్కనే ట్రక్ షీటులోని బస్తాల సంఖ్య, తూకం రాయండి. తర్వాత తనిఖీ రోజున తూకం ఎలా వేశారన్నది చూడండి. పంచనామాలో ఆ వాక్యం ఉందా? బస్తాలు లెక్కపెట్టి యాభైతో గుణించారా, ఒక్కో బస్తా కాటా మీద పెట్టారా? కాటా ఎవరిది, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర చెల్లుబాటులో ఉందా? విడిగా ఉన్న బియ్యాన్ని, తెరిచిన బస్తాలను తూచారా, వదిలేశారా?

యాభై కిలోల జనపనార సంచి బరువు ప్రమాణం ప్రకారం 580 గ్రాములు. ఎంఎల్‌ఎస్ పాయింటులో సంచితో కలిపి యాభై కిలోలు తూచి ఇస్తే లోపల ఉండేది 49 కిలోల 420 గ్రాములే. ఈ-పోస్‌లో మాత్రం నిండు యాభై ఎక్కుతుంది. 180 బస్తాలొచ్చాయనుకోండి, ఒక్క సంచుల బరువే 104 కిలోల 400 గ్రాములు. మీ మీద చూపిన 310 కిలోల్లో మూడో వంతు అక్కడే తేలిపోయింది. మిగిలిన 205 కిలోల 600 గ్రాములకు వేరే లెక్క చూపాలి: నెట్‌వర్క్ పనిచేయని రోజుల్లో రిజిస్టరులో రాసి ఇచ్చిన కార్డులు, ఎలుకలు కొట్టిన, తడిసిన బస్తాల గురించి అప్పుడే తహశీల్దారుకు రాసిచ్చిన కాగితం, ఇలాంటివి. అయితే జాగ్రత్త. ట్రక్ షీటులో నికర బరువు యాభై అని రాసి, దాని కింద నాన్నగారు సంతకం పెట్టి ఉంటే ఈ సంచుల వాదన నిలవదు. ముందు ఆ షీటు చూసి, తర్వాతే ఈ పేరా రాయండి. లేని లెక్క అల్లితే ఉన్న లెక్కనూ నమ్మరు.

కార్డుదారుల వాంగ్మూలాల మీద కేసు కట్టి ఉంటే, ఫలానా ఫలానా కార్డుదారులను నా ఎదుట విచారించి ప్రశ్నలడిగే అవకాశం ఇవ్వండి అని పేర్లతో సహా కోరండి. చాటుగా తీసుకున్న వాంగ్మూలాన్ని చూపించకుండా, ప్రశ్నించనివ్వకుండా వాడుకోవడం సహజ న్యాయానికి విరుద్ధం. ఈ కోరికను జవాబులోనే రాతపూర్వకంగా పెట్టాలి. అప్పుడు అడగనిది పైకోర్టులో "నాకు అవకాశం ఇవ్వలేదు" అంటే "నువ్వు అడిగావా?" అన్నదే ఎదురుప్రశ్న.

జవాబు ఆరోపణ వారీగా రాయండి. ఒక్కో ఆరోపణకు ఒక పేరా, పేరా చివర దానికి జతచేసిన పత్రం నెంబరు. ఆఖర్న మూడు అభ్యర్థనలు: నోటీసు ఉపసంహరించాలి, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, తేడా ఉందనే తేలినా పదిహేనేళ్లలో ఇది మొదటి ఆరోపణ కాబట్టి (నిజంగా అదే అయితేనే రాయండి) రద్దు కాకుండా తక్కువ చర్య పరిశీలించాలి. చివరిది ఒప్పుకోలు అవుతుందేమోనని కొందరు భయపడతారు. "పై వివరణకు భంగం లేకుండా" అన్న మాటతో మొదలుపెడితే ఆ ఇబ్బంది లేదు.

విచారణ రోజున నోటితో చెప్పి రాకండి. చెప్పినదంతా రెండు పేజీల రాతపూర్వక నివేదనగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. విన్నది ఎవరో కూడా గుర్తుపెట్టుకోండి. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు ఒకటుంది. 1957 ప్రాంతంలో కృష్ణా జిల్లా బస్సు రూట్లను ఆర్టీసీ తీసుకోవాలని పథకం వేసింది. ప్రైవేటు ఆపరేటర్ల అభ్యంతరాలను విన్నది రవాణా బాధ్యత చూసే కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ఇది సుప్రీంకోర్టుకు చేరింది. ఒకరు విని ఇంకొకరు తేల్చడం విచారణే కాదని, పైగా రవాణా శాఖ కార్యదర్శి ఆ శాఖ పథకం మీద తీర్పరిగా ఉండటం తగదని కోకా సుబ్బారావుగారు తీర్పు రాశారు. ఆ తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విని పథకాన్ని ఆమోదించారు. ఆపరేటర్లు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లారు, ఈసారి ఓడిపోయారు. రెండు తీర్పులూ కలిపి చదవాలి. మీ విచారణ డిప్యూటీ తహశీల్దారు నడిపి, ఉత్తర్వు మాత్రం ఆర్డీఓ ఇస్తే మొదటి తీర్పు మీకు ఆయుధం. కానీ ఆ లోపంతో గెలిచినా చేతికొచ్చేది మళ్లీ విచారణే, దుకాణం మీద శాశ్వత హక్కు కాదు.

ఇక్కడే ఎమ్మెల్యేగారి ప్రశ్న. డీలర్‌షిప్‌లు రాజకీయంతో ముడిపడి ఉంటాయన్నది ఊరూరా తెలిసిందే. అందుకే చట్టం నిర్ణయాన్ని ఒక నిర్దిష్ట అధికారి చేతిలో పెట్టింది. ఆ అధికారి తన బుర్రతో ఆలోచించి తేల్చాలి. పైనుంచి చెప్పారని సంతకం పెడితే ఉత్తర్వు చెల్లదు. దీనికి పాత తీర్పు బొంబాయి దగ్గర అంధేరీలో సినిమా హాలు లైసెన్సుది. ప్రభుత్వం చెప్పిందని పోలీసు కమిషనర్ అనుమతి రద్దు చేశారు. అధికారం కమిషనర్‌ది, నిర్ణయం ప్రభుత్వానిది, కాబట్టి రద్దు చెల్లదని 1951లో గోర్ధన్‌దాస్ భాంజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బీహార్‌లో చెరకు కమిషనర్ ముఖ్యమంత్రి చెప్పినట్టు ఉత్తర్వులు మార్చినప్పుడు పుర్తాబ్‌పూర్ కంపెనీ కేసులో అదే మాట మళ్లీ చెప్పింది. ఇప్పుడు ఆలోచించండి. అవతలి వాళ్లు ఒత్తిడి తెచ్చి రద్దు చేయిస్తే ఈ తీర్పులు మీకు రక్ష. మీరే సిఫారసు లేఖ తెచ్చి ఫైల్లో పెట్టిస్తే, మీకు అనుకూలంగా వచ్చిన ఉత్తర్వును రేపు ఇవే తీర్పులతో పడగొట్టొచ్చు. పైగా "ఇద్దరూ రాజకీయంగా ప్రయత్నించారు" అన్న ముద్ర పడి, మీ బలమైన వాదన పోతుంది. సిఫారసు కాగితం ఫైల్లోకి రానివ్వకండి.

మరి రాజకీయ కక్షతోనే చేస్తున్నారని జవాబులో రాయొచ్చా? రాయొచ్చు, ఆధారం ఉంటేనే. ఇందులో మన దగ్గరి కేసే మార్గదర్శి. 1962లో ఆర్టీసీ జాతీయకరణకు ముందు వేసుకున్న జిల్లాల వరసను మార్చి కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన్ని ముందుకు తెచ్చింది. అక్కడి బస్సు యజమానులు తన రాజకీయ ప్రత్యర్థులు కాబట్టి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఇలా చేయించారని ఆపరేటర్లు అఫిడవిట్‌లో వివరంగా రాశారు. ముఖ్యమంత్రి స్వయంగా దానికి కౌంటరు (జవాబు అఫిడవిట్) వేయలేదు. ఖండించని ఆరోపణలను, వరస మారిన తీరును కలిపి చూసి సుప్రీంకోర్టు దురుద్దేశం రుజువైనట్టేనని సి.ఎస్. రౌజీ కేసులో 1964లో తీర్పునిచ్చి పథకాన్ని కొట్టేసింది. సంజీవరెడ్డి పదవికి రాజీనామా చేశారు. ఒక జిల్లా బస్సు రూట్ల ఫైలు ముఖ్యమంత్రి పీఠాన్ని కదిపింది. పరిపాలనా న్యాయం రాజకీయాలకు ఎంత దగ్గరగా నిలబడుతుందో దీనికి మించిన తార్కాణం మన చరిత్రలో లేదనే నా అభిప్రాయం.

ఆ కేసు గెలవడానికి కారణం కోపం కాదు, వివరం. ఎవరు, ఏ తేదీన, ఏ నిర్ణయం మార్చారు, అంతకుముందు ఏముండేది అన్నది కాగితంతో చూపించారు. "రాజకీయ కక్షతో" అన్న ఒక్క మాట మాత్రం ఎవరినీ కదిలించదు. ఆరోపణ ఎవరి మీదో వారిని రిట్‌లో పేరుతో ప్రతివాదిగా చేర్చాలి కూడా. మీ విషయంలో చూడాల్సింది: అదే రోజు మండలంలో ఎన్ని దుకాణాలు తనిఖీ చేశారు, ఇంతే తేడా కనిపించిన మిగతా డీలర్ల మీద ఏ చర్య తీసుకున్నారు, తనిఖీకి ముందు వచ్చిన లేఖ ఏది. ఈ మూడింటికీ ఇప్పుడే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి కార్యాలయానికైతే రుసుము 5 రూపాయలు, ఆ పై కార్యాలయాలకు 10. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. జవాబు గడువుకు ఇది అందదు, కానీ అప్పీలుకు అందుతుంది. అదే చట్టం సెక్షన్ 4లో, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను ప్రభావితులైన వారికి తెలపాలన్న బాధ్యత కూడా ఉంది. దాన్ని ఉదహరించి కారణాలు అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఉత్తర్వు వచ్చిందనుకుందాం. మొట్టమొదట చూడాల్సింది మీ జవాబును చర్చించారా లేదా అని. "డీలరు వివరణ పరిశీలించడమైనది, సంతృప్తికరంగా లేదు, కావున రద్దు చేయడమైనది" అన్న మూడు ముక్కల ఉత్తర్వు మన జిల్లాల్లో సర్వసాధారణం. ఎందుకు సంతృప్తికరంగా లేదో అందులో ఉండదు. సంచుల లెక్క తప్పని చెప్పాలంటే ఎందుకు తప్పో రాయాలి. కారణాలు రాయాల్సిన బాధ్యత గురించి 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం వివరంగా చెప్పింది. ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత కోర్టులో కౌంటరు వేసి కలపకూడదని 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ తీర్పు. కాబట్టి ప్రభుత్వ ప్లీడరు కొత్తగా "ఇంతకుముందు కూడా ఈ డీలరు మీద ఫిర్యాదులున్నాయి" అని కౌంటరులో రాస్తే, ఉత్తర్వులో ఆ మాట ఉందా అని మీ లాయరు అడగాలి.

తర్వాత అప్పీలు జాయింట్ కలెక్టరుకు. గడువు, రుసుము నియంత్రణ ఉత్తర్వులోనే ఉంటాయి, చాలాసార్లు రద్దు ఉత్తర్వు చివరి పేరాలో కూడా రాస్తారు. అప్పీలుతో పాటే స్టే పిటిషను విడిగా వేయండి. అప్పీలు వేసి స్టే అడగకపోతే మీ కార్డులను పక్క దుకాణానికి కలిపేస్తారు, లేదా ఇన్‌చార్జి డీలరును పెడతారు, నెలలు గడిచిపోతాయి. స్టే పిటిషనును పక్కన పెట్టేస్తే అప్పుడు రిట్ వేయండి: ఫలానా తేదీన వేసిన స్టే పిటిషనును ఇన్ని వారాల్లో తేల్చాలని, అప్పటివరకు కొత్త నియామకం చేయరాదని. ఇలాంటి పరిమిత కోరికతో వెళ్లిన రిట్‌కు ఉత్తర్వు తొందరగా వస్తుంది. ప్రపంచమంతా అడిగిన రిట్ అడ్మిషన్ దశలోనే నానుతుంది.

అప్పీలు ఉండగా నేరుగా హైకోర్టుకు వెళ్లే వీలు పూర్తిగా లేకపోలేదు. ప్రాథమిక హక్కుకు భంగం, సహజ న్యాయం ఉల్లంఘన, అధికారమే లేని వ్యక్తి చర్య, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం, ఈ సందర్భాల్లో ప్రత్యామ్నాయ మార్గం అడ్డు కాదని 1998లో వర్ల్‌పూల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసే ఇవ్వకుండా రద్దు చేసినా, తహశీల్దారు రద్దు చేసినా నేరుగా వెళ్లండి. బియ్యం ఉన్నాయా లేవా అన్న తగాదా అయితే అప్పీలే దారి. రిట్‌లో న్యాయమూర్తి బస్తాలు తూచరు. నిర్ణయం తీసుకున్న పద్ధతి సరిగా ఉందా అన్నదే చూస్తారు.

పద్ధతిలో లోపం ఉన్నా, దానివల్ల మీకు నష్టం జరిగిందని కూడా చూపాల్సి ఉంటుందన్నది మర్చిపోకండి. ఈ విషయంలో హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసు ముఖ్యం. విచారణ నివేదిక నకలు ఇవ్వకుండా ఉద్యోగిని తొలగించకూడదని 1993లో రాజ్యాంగ ధర్మాసనం చెబుతూనే, ఆ నకలు ఇచ్చి ఉంటే ఫలితం మారేదా అన్నది కూడా చూడాలంది. అందుకే నకలు ఇవ్వలేదని మాత్రమే రాయకుండా, "ట్రక్ షీటు ఇచ్చి ఉంటే సంచుల బరువు 104 కిలోలు అప్పుడే చూపించేవాణ్ణి" అని రాయాలి. పశ్చిమ గోదావరిలో ధర్మాజిగూడెం, లింగపాలెం మధ్య ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తగాదా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు మరో హెచ్చరిక వచ్చింది. నోటీసు లేకుండా ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు తప్పే, కానీ దాన్ని కొట్టేస్తే అంతకుముందున్న మరో చట్టవిరుద్ధ ఉత్తర్వు బతికొస్తుంది కాబట్టి జోక్యం చేసుకోం అంది. గద్దె వెంకటేశ్వరరావు కేసు అది. మీ నియామకంలోనో రెన్యువల్‌లోనో లోపం ఉంటే ముందు లాయరుకు చెప్పండి. అవతలి పక్షం దాన్నే పట్టుకుంటుంది.

ఆలస్యం మరో ప్రమాదం. రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు గానీ కారణం లేని ఆలస్యాన్ని కోర్టు సహించదు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ ఏడాది గడిపేస్తారు. అర్జీలు పెట్టినంత మాత్రాన చచ్చిన క్లెయిము బతకదని 2008లో సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కలెక్టరేట్ అర్జీ రశీదు అప్పీలు రశీదు కాదు.

ట్రైబ్యునల్ సంగతి అడిగారు కాబట్టి. ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలకే ఉండేది, డీలర్లకు ఎప్పుడూ సంబంధం లేదు. దాని కథ మాత్రం తెలుసుకోదగ్గది. 1973 ఆరు సూత్రాల పథకం తర్వాత రాజ్యాంగంలో చేర్చిన 371డి అధికరణం కింద అది పుట్టింది. ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వమే మార్చొచ్చు, రద్దు చేయొచ్చు అని అందులో ఐదో క్లాజు ఉండేది. ఓడిపోయిన కక్షిదారుకే తీర్పును చింపే అధికారం అన్నమాట. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దాన్ని చట్టబద్ధ పాలనకు విరుద్ధమని కొట్టేసింది. 1997లో ఎల్. చంద్రకుమార్ తీర్పుతో ట్రైబ్యునళ్ల ఉత్తర్వులన్నీ హైకోర్టు ధర్మాసనం పరిశీలన కిందికి వచ్చాయి. ఆ తర్వాత 2016లో తెలంగాణకు, 2019లో ఆంధ్రప్రదేశ్‌కు ఆ ట్రైబ్యునల్ పరిధి రద్దయింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగులు హైకోర్టుకే వెళ్తున్నారు. కేంద్ర ఉద్యోగులకు క్యాట్ (కేంద్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్) హైదరాబాద్ బెంచి ఉంది. ఇలా మధ్య మెట్టు తీసేయడం నాకు మంచిదనిపించదు. మెట్టు తీస్తే భారం పోదు, పై మెట్టు మీద పడుతుంది. తెలంగాణలో 2020 పాస్‌బుక్కుల చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసి, చిన్న రికార్డు తప్పుకు కూడా రైతును సివిల్ కోర్టుకు పంపింది. 2025 భూభారతి చట్టంలో అప్పీలు మెట్లు మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

ఇన్‌చార్జి డీలరును పెట్టేస్తే ఆయన్ని కూడా కేసులో చేర్చాలా అని మీకు సందేహం రావచ్చు. రద్దు తర్వాత వచ్చిన డీలరు పాత డీలరు పోరాటంలో తప్పనిసరి పక్షం కాదని పూనమ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా శాశ్వత నియామకం నోటిఫికేషన్ వస్తే దాని తేదీ గమనించి, అప్పీలులో అదనపు పిటిషనుగా దాన్ని ఆపమని అడగండి.

చివరిగా, తనిఖీలో బియ్యం స్వాధీనం చేసుకుని ఉంటే నిత్యావసర వస్తువుల చట్టం సెక్షన్ 6ఎ కింద జాయింట్ కలెక్టరు దగ్గర మరో కేసు నడుస్తుంది. అది సరుకు జప్తు కేసు, డీలర్‌షిప్ కేసు వేరు. రెండింటికీ నోటీసులు వేర్వేరుగా, కొన్నిసార్లు ఒకే వారంలో వస్తాయి. ఒకదానికి ఇచ్చిన జవాబు రెండోదానికి సరిపోదు, రెండింటికీ విడివిడిగా వేయాలి. ముఖ్యంగా అంకెలు ఒకటే ఉండాలి. ఇక్కడ 180 బస్తాలని, అక్కడ 176 అని రాస్తే రెండు కేసులూ ఆ నాలుగు బస్తాల మీదే పోతాయి. ఈ-పోస్ పట్టిక ఒకటే తయారు చేసి, రెండు జవాబులకూ అదే జతచేయండి.